బంతి ప్రదాత

మా సంస్థకి మొట్టమొదటి అమెరికన్ ఫుట్‌బాల్ వచ్చిన రోజున స్టోర్సు గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘రవాణాలో నొక్కుకుపోయినది, గుండ్రముగా లేదు’ అని రాసి వెనక్కి పంపేశాడు. కంపెనీవాడు ఇంకోటి పంపాడు. అదీ బొప్పాయికాయలాగే ఉంది. అదీ వెనక్కి వెళ్లింది. మూడోసారి కంపెనీవాడు, ఈ ఆటకి బంతి ఇలాగే ఉంటుంది మహాప్రభో అని బతిమాలుకున్నాడు. దాంతో నిపుణుల అభిప్రాయం కోసం ఫైలు నా బల్ల మీదికొచ్చి పడింది. నేను ఖోఖో కోచ్‌ని. ఖోఖోలో అసలు బంతే ఉండదు. అయినా పై అధికారి అడిగాక తెలీదంటే బాగుండదని, ‘ఇటులనే ఉండవచ్చును’ అని రాసి సంతకం పెట్టాను. ఆ ఒక్క వాక్యంతో రాష్ట్రంలో అమెరికన్ ఫుట్‌బాల్ నిపుణుణ్ణి నేనేనని తేలిపోయి, నన్ను విశాఖ జట్టుకి కోచ్‌గా వేశారు. నా పేరు కామేశం. ఆ సంతకం పెట్టిన చెయ్యి విరిగిపోయినా బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మా సంస్థ పేరు రాష్ట్ర క్రీడా ఘనతల సాధన సంస్థ. దేశంలో కొత్తగా పెట్టిన ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో మా సంస్థకి రెండు జట్లున్నాయి. ఒకటి మా విశాఖ కెరటాలు, ఇంకోటి గోదావరి గరుడులు. రెండూ ఒకే విభాగంలో పడ్డాయి గనక సీజనంతా పదే పదే ఒకరి మీద ఒకరు ఆడుకుంటూ ఉంటారు. జీతాలిచ్చేదీ తిట్లు తిట్టేదీ ఒకే ఆఫీసు కాబట్టి ఎవరు గెలిచినా ఎవరికీ పెద్ద బాధ ఉండేది కాదు.

ఆట తెలియనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నాకు తెలిసింది కూడా అంతే. ఒకడు బంతి పుచ్చుకుని వెనక నిలబడతాడు. వాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. వాడు ముందుకి పరిగెత్తే తన జట్టువాడికి బంతి విసరాలి. వాడు విసిరేలోగా అవతలి జట్టువాళ్లు మీద పడి వాణ్ణి నేలకేసి కొట్టడానికి చూస్తారు. బంతి పుచ్చుకున్నవాడు చివరి గీత దాటితే టచ్‌డౌన్. అలా కాక, విసిరిన బంతిని దారిలో అవతలివాడు లాక్కున్నాడనుకోండి, దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. లాక్కున్నవాడికి దండలు, విసిరినవాడికి దూషణలు. రికార్డుల పుస్తకంలో ఇద్దరికీ చోటుంది. ఎక్కువసార్లు లాక్కున్న వీరుల పేర్లు ఒక పేజీలో ఉంటాయి, ఎక్కువసార్లు పోగొట్టుకున్న దౌర్భాగ్యుల పేర్లు ఇంకో పేజీలో ఉంటాయి.

మా జట్టులో బంతి విసిరేవాడు నూకరాజు. భీమిలి దగ్గర ఓ పాలెం వాడు. తెప్ప మీద నిలబడి వలేసిన చెయ్యి అది. నేను మైదానంలో ఎక్కడో ఓ చెప్పు పెట్టి ‘దీని మీద వెయ్యరా’ అంటే చెప్పు మీదే వేసేవాడు. అలాంటివాడు మూడేళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నాడు. పర్మనెంటు శిక్షకుడి పోస్టొకటి వస్తే చాలని వాడి ఆశ. వాడి పెళ్లాం పోలమ్మ ఎండుచేపలమ్ముతుంది. ఆవిడ అన్నదమ్ములిద్దరూ ఒకే తుపానులో సముద్రంలోకి పోయి తిరిగి రాలేదు. ఈ ఉద్యోగం లేకపోతే నూకరాజు మళ్లీ తెప్పెక్కాలి. వాడు తెప్పెక్కితే తను అన్నం ముట్టనని పోలమ్మ పెళ్లినాడే చెప్పేసింది.

ఇలా ఉండగా మా చైర్మన్ కోదండపాణి గారు అమెరికాలో క్రీడల అధ్యయన యాత్ర చేసి వచ్చారు. అక్కడ ఓ హాల్లో గోడ నిండా రికార్డులు చెక్కి ఉంటే చూసి చలించిపోయారట. దిగిన మర్నాడే సమావేశం పెట్టి, ఏ గోడ మీదా మన రాష్ట్రం పేరు లేదేమని అడిగారు. ఏదో ఒక రికార్డు ఈ సీజనులోనే బద్దలవ్వాలని, ఏది అనేది కార్యదర్శి తేల్చాలని ఆజ్ఞాపించి భోజనానికి లేచారు.

కార్యదర్శి శేషఫణి గారు నిబంధనల మనిషి. ఆయన మాట్లాడితే మాటల మీద సీలు గుద్దినట్టుంటుంది. వారం రోజులు లీగు రికార్డులన్నీ చదివి, తర్వాతి సమావేశంలో లేచి నిలబడ్డారు.

“ఇతర రికార్డులన్నిటికిని ప్రతిభ అవసరమగుచున్నది. ప్రతిభ నిమిత్తము ఈ ఆర్థిక సంవత్సరమున కేటాయింపు లేదు. ఇంటర్‌సెప్షనుకు మాత్రము సమన్వయము చాలును. విసరువాడును మనవాడే, పట్టువాడును మనవాడే” అన్నారాయన.

చైర్మన్ గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక సీజనులో అత్యధిక ఇంటర్‌సెప్షన్ల రికార్డు అప్పటికి పొరుగు రాష్ట్రంవాడి పేరున ఉంది. అది మరీ మంచిదన్నారు. పట్టేవాడిగా ఎవరిని పెడదామంటే, గోదావరి జట్టులో చైర్మన్ గారి మేనల్లుడు తేజోమూర్తి ఉండనే ఉన్నాడని ఎవరో అన్నారు. ఎవరో కాదు, చైర్మన్ గారే అన్నారు.

ఉత్తర్వు వచ్చింది. నూకరాజు ‘బంతి ప్రదాత’. తేజోమూర్తి ‘బంతి గ్రహీత’. ప్రదాత తన బంతి స్వపక్షమువారికి అందకుండ తగు జాగ్రత్త వహించవలెను. గ్రహీత దానిని మర్యాదపూర్వకముగా స్వీకరించవలెను. గోదావరి జట్టువారు తమ వంతునకు వచ్చిన బంతిని జాప్యము లేక విశాఖ జట్టుకు తిరిగి అప్పగించవలెను. రికార్డు సిద్ధించిన మీదట ప్రదాత సేవలను క్రమబద్ధీకరించు విషయము సానుభూతితో పరిశీలించబడును. ఇదంతా చదివి, మరి గెలవడం సంగతేమిటండీ అని అడిగాను. గెలుపు విషయమై ఉత్తర్వులో ప్రస్తావన లేదు అన్నారు శేషఫణి గారు.

నూకరాజుకి నేనే చదివి వినిపించాను. వాడు కాసేపు తల గోక్కున్నాడు.

“ఎదుటోడికి ఇసరమంతన్నారేటి మేష్టారూ? అదేటి ఆట? వలేసి సేపల్ని ఒగ్గీమన్నట్టుంది గదండి.”

పర్మనెంటు మాట ఉంది గదరా అన్నాను. వాడు బంతి తీసుకుని మైదానంలోకి వెళ్లిపోయాడు. ఆ మాట వాడితో నేను అనకుండా ఉండాల్సింది, నిజం.

మొదటి మ్యాచ్ జరిగింది. తేజోమూర్తిని దగ్గరగా చూడటం అదే మొదలు. చెడ్డపిల్లాడు కాదు పాపం. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. కనబడిన ప్రతివాణ్ణీ ‘టిఫిన్ చేశారా అండీ’ అని అడుగుతాడు. ఒకటే ఇబ్బంది, వాడికి బంతంటే భయం. అది తన వైపు వస్తోందంటే చాలు, కళ్లు గట్టిగా మూసుకుని రెండు చేతులూ చాపి, దేవుడి దగ్గర ప్రసాదం అడిగినట్టు నిలబడిపోతాడు. నూకరాజు వేసిన బంతి తిన్నగా వెళ్లి వాడి హెల్మెట్‌కి తగిలి ఎగిరి మా జట్టులోని సింహాచలం చేతిలో పడింది. చేతిలో బంతి పడ్డాక సింహాచలం ఏం చేస్తాడు? అలవాటు కొద్దీ పరిగెత్తి గీత దాటించేశాడు. జనం ఈలలేశారు. స్కోరు బోర్డు వెలిగింది. వేదిక మీద చైర్మన్ గారి మొహం ఆరిపోయింది.

మర్నాడు సింహాచలానికి చార్జి మెమో వచ్చింది. ఎదుటిపక్షమునకు ఉద్దేశింపబడిన బంతిని అనుమతి లేక స్వీకరించుటయే గాక దానితో పాయింట్లు సాధించి సంస్థ ప్రయోజనములకు భంగము కలిగించినందుకు నీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపుము. వాడు నా చేత జవాబు రాయించుకున్నాడు. పొరపాటున బాగా ఆడానని, ఇకపై ఇలాంటిది జరగనివ్వనని క్షమాపణ చెప్పుకున్నాడు. క్షమించారు గానీ ఇంక్రిమెంటు కోసేశారు. అది చూశాక మా జట్టులో ఏ మగాడూ బంతి వంక చూడలేదు. బంతి దగ్గరికొస్తే చేతులు వెనక్కి కట్టుకునేవాళ్లు.

ఆ పైన విచారణ సంఘం వేశారు. తప్పు నూకరాజుదేనని సంఘం తేల్చింది. ప్రదానము గ్రహీత యొక్క సామర్థ్యమునకు అనుగుణముగా జరగలేదట. పైగా అవతలివాళ్లు మీదికి ఉరుకుతుండటం వల్ల ప్రదాత కంగారు పడుతున్నాడని కూడా గమనించారు. దాంతో ఇంకో ఉత్తర్వు దిగింది. చైర్మన్ గారి సొంత సీలుతో వచ్చింది అది. ప్రదాత చేతిలో బంతి ఉన్నంతసేపు గోదావరి జట్టువారెవ్వరును ఆయనను తాకరాదు. తాకినవారు సర్వీసు నుంచి తొలగించబడుదురు.

అక్కణ్ణుంచి మా మ్యాచుల సొగసు చూడాలి. గోదావరివాళ్లు పక్కకి తప్పుకుని చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. మావాళ్లు అవతలి పక్కకి తిరిగి సముద్రం వైపు చూసేవాళ్లు. మధ్యలో నూకరాజు ఒక్కడు, ఆ చివర కళ్లు మూసుకున్న తేజోమూర్తి ఒక్కడు. లీగువాళ్లు పంపిన రిఫరీ నిబంధనల పుస్తకం మూడుసార్లు తిరగేశాడు. ఎదుటివాణ్ణి నేలకేసి కొట్టడం గురించి పేజీలకి పేజీలున్నాయి గానీ, గౌరవించకూడదని ఎక్కడా రాసి లేదు. పైగా ఈ వింత చూడటానికి టీవీ ముందు జనం పెరిగారని లీగువాళ్లు సంతోషంగానే ఉన్నారు. రిఫరీకి మా సంస్థ ఓ శాలువా కప్పింది.

ఇంత చేసినా తేజోమూర్తి చేతిలో బంతి నిలవాలి కదా. ఆ భారం నూకరాజు మీదే పడింది. ఇద్దర్నీ పొద్దున్నే బీచిలో దింపారు. నేను ఇసకలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మొదట్లో చెయ్యి తగ్గించి వేశాడు. బంతి దారిలోనే పడిపోయింది. తర్వాత ఎత్తుగా వేశాడు. తేజోమూర్తి కెవ్వుమని కూర్చుండిపోయాడు. మెల్లమెల్లగా నూకరాజుకి కిటుకు దొరికింది. బంతి గాలిలో అంత దూరం పోయి, చివర్లో వేగం చంపుకుని, తేజోమూర్తి రెండు ముంజేతుల మధ్యన వచ్చి కూర్చునేది. బాలింత ఒళ్లో పిల్లని పడుకోబెట్టినట్టు ఉండేది. తేజోమూర్తికి అది వచ్చినట్టు కూడా తెలిసేది కాదు. ‘ఇంకా వెయ్యలేదా అన్నా’ అని అడిగేవాడు, బంతి చేతుల్లో పెట్టుకుని.

నేను ఖోఖోవాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాదు. కళ్లు మూసుకుని వణికేవాడికి కూడా జారకుండా బంతి అందించడం మాటలు కాదు. అలాంటి చెయ్యి ఈ దేశంలో ఇంకొకటి లేదని అప్పుడే చెప్పగలిగేవాణ్ణి. ఆ చేతికి మేం పెట్టిన పని తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోయేది. మండినా ఏం లాభం, ఒకటో తారీఖున నేనూ సంతకం పెట్టి జీతం పుచ్చుకునేవాణ్ణే.

ఇంటర్‌సెప్షన్ల లెక్క ఊపందుకుంది. ఒక్కోటి పెరిగినప్పుడల్లా మేళతాళాలు. తేజోమూర్తిని ఓపెన్‌టాప్ జీపులో ఊరేగించారు. ఇంటర్‌సెప్షన్ అనే మాట ఇంగ్లీషులో ఉండటం రాష్ట్ర ప్రతిష్ఠకి భంగమని ఓ ఉపసంఘం వేసి, ‘మధ్యస్వీకారము’ అని పేరు పెట్టారు. బళ్లలో వ్యాసరచన పోటీలు పెట్టారు. విసిరినవాడి సంగతి ఎవరికీ పట్టలేదు. సన్మాన సభల్లో నూకరాజుని వేదిక వెనక నిలబెట్టేవాళ్లు. దండలు మిగిలితే ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్లు.

బజారులో మాత్రం వాడి పేరు మారుమోగిపోయింది. అదే వచ్చిన చిక్కు. ఎండుచేపల గంప ముందు నిలబడి, ‘మీ ఆయన మనోళ్లకి ఇవ్వడంట గదే, ఆళ్లకిత్తాడంట’ అని ఆడవాళ్లు నవ్వేవారట. పోలమ్మ ఒకరోజు గంపతో సహా నా ఇంటికొచ్చేసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“మా ఆయన వలేత్తే సేప తప్పదు. ఈ బంతేపాటి? మీరంతా కూడి తప్పించి ఏయిత్తన్నారు. ఉజ్జోగం మాటేటో తేల్చండి మేష్టారూ. నేదంటే సెప్పీండి, సిగ్గు పోయినా సముద్రం పాలవకండా ఏ హోటల్లోనో గిన్నెలు తోముకుంటాడు.”

ఆవిడ కళ్లల్లోకి చూడలేకపోయాను. చివరి మ్యాచ్ ఒక్కటే మిగిలింది. అప్పటికి తేజోమూర్తి పొరుగువాడి రికార్డుతో సమానంగా వచ్చి నిలబడ్డాడు. ఇంకొక్కటి పడితే రికార్డు మనది, పోస్టు నూకరాజుది. ఆ రాత ఏదో ముందే తేల్చుకుందామని వాణ్ణి వెంటబెట్టుకుని శేషఫణి గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన నియామక నిబంధనలు తీశారు. కళ్లజోడు సవరించుకున్నారు. బంతి విసరు అభ్యర్థి విషయమున ఒక్కొక్క ఇంటర్‌సెప్షనుకు మూడు మార్కులు తగ్గించవలెనని ఉందట. ఆ లెక్కన నూకరాజు మార్కులు సున్నాకి ఎంతో దిగువన ఉన్నాయట. కనీసం సున్నా దాటనివాడి పేరు జాబితాకే ఎక్కదట.

“రికార్డులను బట్టి చూడగా ఈ అభ్యర్థి లీగు చరిత్రలోనే మిక్కిలి అసమర్థుడు” అన్నారు శేషఫణి గారు, ఏ కోపమూ లేకుండా.

“అవన్నీ మీరు ఉత్తర్వు వేసి విసిరించినవే కదండీ” అన్నాను.

“ఆదేశించుట ఒక విభాగము. నియమించుట వేరొక విభాగము.”

“రెండు విభాగాలకీ కార్యదర్శి మీరే కదండీ.”

“అందుచేతనే రెండు కలములు వాడుచున్నాను” అని, బల్ల మీద నీలం పెన్నూ నల్ల పెన్నూ చూపించారు.

నాకు కొడదామన్నంత కోపం వచ్చింది. నూకరాజు మాత్రం అరవలేదు, ఏడవలేదు. చేతులు కట్టుకుని, పోయిన మార్కులు మళ్లీ ఎలా వస్తాయండి అని అడిగాడు. టచ్‌డౌనుకు ఆరు మార్కులు కలుపబడునని ఆయన చదివారు. బంతి పుచ్చుకుని పరిగెట్టి గీత దాటాలేటండి, నడిసెల్లినా సరిపోతాదా అని వాడు ఇంకో ప్రశ్న వేశాడు. శేషఫణి గారు నిజాయితీపరుడు. పుస్తకం మళ్లీ తీసి వెతికారు. బంతితో గీత దాటవలెనని మాత్రమే ఉన్నదని, దాటు విధానము ప్రస్తావించబడలేదని చెప్పారు. నూకరాజు దండం పెట్టి బయటికొచ్చేశాడు. పాపం వీడికి మతి చలించిందనుకున్నాను.

చివరి మ్యాచ్ నాడు మైదానం పెళ్లిపందిరిలా ఉంది. రికార్డు ఇంకా పడకుండానే రికార్డు పడిందని బ్యానర్లు కట్టేశారు. వేదిక మీద చైర్మన్ గారు పట్టు ధోవతిలో కూర్చున్నారు. పక్కనే లడ్డూల బుట్టలు. జనంలో ముందు వరసలో పోలమ్మ కూర్చుంది. ఈల వేశారు. గోదావరివాళ్లు పక్కకి తప్పుకుని చేతులు కట్టుకున్నారు. మావాళ్లు సముద్రం వైపు తిరిగారు. తేజోమూర్తి కళ్లు మూసుకుని చేతులు చాపాడు.

నూకరాజు బంతి అందుకున్నాడు. విసరలేదు. చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. పరుగు కాదు, నడకే. బజారుకెళ్లి ఉప్పు తెచ్చుకోబోతున్నవాడిలా నడుచుకుంటూ వెళ్తున్నాడు. గోదావరివాళ్లు వాడికి తగులుతామేమోనని హడలిపోయి ఇంకా పక్కకి జరిగి దారిచ్చారు. తేజోమూర్తి పక్కనుంచి వెళ్తుంటే అలికిడికి వాడు ఒక కన్ను తెరిచాడు. ‘నూకరాజన్నా, నేనిక్కడున్నా’ అన్నాడట. ‘ఉండు బాబూ, సిన్న పనుంది’ అని చెప్పి వీడు వెళ్లిపోయాడట. గీత దాటాడు. రిఫరీ నిద్రలోంచి లేచినట్టు, టచ్‌డౌన్ సైగగా రెండు చేతులూ పైకెత్తాడు.

జనానికి ఏం జరిగిందో అర్థం కాలేదు. ఉత్తర్వు ప్రకారం గోదావరివాళ్లు బంతిని జాప్యం లేక తిరిగి అప్పగించారు. నూకరాజు అందుకున్నాడు, చంకలో పెట్టుకున్నాడు, మళ్లీ నడిచాడు. మళ్లీ రిఫరీ చేతులెత్తాడు. నాకు అప్పటికి గానీ బుర్రలో దీపం వెలగలేదు. వెలిగాక కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

చైర్మన్ గారు లేచి, వాణ్ణి ఆపమని కేక పెట్టారు. గోదావరి కెప్టెన్ వేదిక కిందికి వచ్చి వినయంగా నిలబడి, తాకితే ఉద్యోగం పోతుందని తమరి సీలుతోనే ఉందని, అవతల సింహాచలం పడ్డ పాట్లు చూశామని, తాకమని రాతపూర్వకంగా ఇప్పిస్తే తప్పకుండా తాకుతామని మనవి చేసుకున్నాడు. నేను చెబుతున్నాను కదయ్యా అన్నారు చైర్మన్ గారు. మౌఖిక ఆదేశము చెల్లదని, సవరణ ఉత్తర్వు ముసాయిదా తయారుచేసి సీలు వేయవలెనని, సీలు ఆఫీసు బీరువాలో ఉన్నదని శేషఫణి గారు అడ్డుపడ్డారు. జీపు తీసుకుని ఆయనే ఆఫీసుకి పరిగెత్తారు. టైపిస్టు మ్యాచ్ చూడటానికి వచ్చి జనంలో కూర్చుని ఉన్నాడు. ఆ సంగతి ఆయనకి తెలీదు.

ఇక్కడ నూకరాజు నడుస్తూనే ఉన్నాడు. జనానికి కూడా ఎక్కింది. వాడి ప్రతి అడుగుకీ చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. ఒకచోట ఉత్సాహం ఆగక వాడు నాలుగు అడుగులు గబగబా వేస్తే, పోలమ్మ లేచి నిలబడింది.

“పరిగెట్టకు మావా. ఎవులు తరుముతన్నారని? మెల్లిగా నడు.”

మైదానమంతా నవ్వింది. వాడు గీత దాటినప్పుడల్లా పోలమ్మ ఓ వేలు మడుస్తూ వచ్చింది. రెండు చేతుల వేళ్లూ అయిపోయాక వాడు ఆగి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చాలని తలూపింది. వాడు బంతి తీసుకెళ్లి రిఫరీ కాళ్ల దగ్గర పెట్టి, గడ్డిలో కూర్చున్నాడు. ఆఖరి ఈల వేసేదాకా మళ్లీ లేవలేదు. తేజోమూర్తి అలాగే చేతులు చాపుకుని ఉన్నాడు.

శేషఫణి గారు సవరణ ఉత్తర్వుతో వచ్చేసరికి ఆట ముగిసి జనం లేస్తున్నారు. ‘ఇందుమూలముగా ప్రదాతను తాకవచ్చును’ అని ఆయన మైకులో చదివారు. ఉత్తర్వు ఉత్తర్వే కాబట్టి గోదావరి జట్టువాళ్లు వరసగా వెళ్లి, గడ్డిలో కూర్చున్న నూకరాజుని ఒక్కొక్కరే తాకి వచ్చారు. కొందరు భుజం తాకారు. ఇద్దరు కాళ్లు తాకారు. చివర్లో తేజోమూర్తి వెళ్లి చెయ్యి పట్టుకుని, టిఫిన్ చేశావా అన్నా అని అడిగాడు.

రికార్డు సమానంగానే ఉండిపోయింది. చైర్మన్ గారు నూకరాజుని తరిమేయమన్నారు. అయితే శేషఫణి గారు నల్ల పెన్ను తీసి మార్కులు కూడారు. సున్నా దాటాయి. దాటినవాడిని నియమించకుండుటకు నిబంధన లేదన్నారు. చైర్మన్ గారు ఎంత గింజుకున్నా ఆ మనిషి కదలలేదు. నాకు జీవితంలో మొదటిసారి ఆయన కాళ్లకి దండం పెట్టబుద్ధయింది. నూకరాజుకి పర్మనెంటు ఉద్యోగం ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. పోలమ్మ బజారంతా జిలేబీ పంచింది. నవ్వినవాళ్లకి రెండేసి ఇచ్చిందట.

ఉత్తర్వు పూర్తిగా చదివింది నేనొక్కణ్ణే. అభ్యర్థికి విసరుటలో వచ్చిన మార్కులు సున్నాకు దిగువన ఉన్నందున ఆయన ఆ విద్యను బోధించుటకు అనర్హుడు. మార్కులన్నియు నడచి సంపాదించినవి గనుక ఆయనను నడక శిక్షకునిగా నియమించడమైనది. బంతి విసరుట శిక్షకుని పోస్టు తగిన అభ్యర్థి లభింపనందున ఖాళీగానే ఉంచడమైనది.

ఇప్పుడు రోజూ పొద్దున నూకరాజు స్టేడియం చుట్టూ అధికారులను నడిపిస్తాడు. చైర్మన్ గారు ఆయాసపడుతూ వెనక వస్తుంటారు. వాళ్లిద్దరి మధ్యా ఇప్పుడు ఏ గొడవా లేదు. మొన్న నేను వెళ్లేసరికి ఓ చుట్టు పూర్తయి అందరూ మంచినీళ్లు తాగుతున్నారు. ఎలా ఉందిరా అని అడిగాను. బాగుందన్నాడు. ఒకటో తారీఖుకి జీతమొస్తోందన్నాడు. గాలివాన కొట్టినా పోలమ్మ ఇప్పుడు నిద్రపోతోందన్నాడు. అంతా చెప్పి, కుడిచెయ్యి ఓసారి మూసి తెరిచి చూసుకున్నాడు.

“జీతమంతా కాళ్లకే ఇత్తన్నారు మేష్టారూ. సెయ్యి ఊరికే ఉండిపోనాది.”